అవతార్ గడప దాటితే: వర్చువల్ జీవితం, సోషల్ నెట్‌వర్కులు, సమావేశాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కొన్నేళ్లుగా ఇంటర్నెట్‌లో నడిచే వర్చువల్ ప్రపంచాల్లో చిన్నాపెద్దా సమావేశాలు నడపడంలో నేనూ ఒక చేయి వేస్తున్నాను. కొత్తగా వచ్చినవారు అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ అవే. అడిగిన ప్రతిసారీ ముక్కలుముక్కలుగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. కొన్నిటికి జవాబు ఒక్క మాటలో తేలిపోతుంది. కొన్నిటికి పాత కథలు తవ్వక తప్పదు.

వర్చువల్ ప్రపంచం అంటే ఆటే కదా? దానికి సమాజం, సమావేశం అంత హడావిడి ఎందుకు?

ఆటలో గెలుపు ఉంటుంది. సెకండ్ లైఫ్ లాంటి చోట గెలవడానికేమీ లేదు. 2003 జూన్‌లో లిండెన్ ల్యాబ్ అనే సంస్థ దాన్ని తెరిచినప్పుడు లోపలికి వచ్చినవారికి దొరికింది ఒక శరీరం, తిరగడానికి నేల, వస్తువులు చేసుకునే పనిముట్లు. వారిని ఆటగాళ్లు అనలేదు, ‘రెసిడెంట్లు’ అన్నారు. గెలవడానికేమీ లేనిచోట మనుషులు చేసే పని ఒకటే, పోగై కబుర్లు చెప్పుకోవడం.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1990లో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో పనిచేసే పావెల్ కర్టిస్ ‘లాంబ్డామూ’ అనే ప్రపంచాన్ని ఒట్టి అక్షరాలతో కట్టాడు. తెరమీద బొమ్మ ఒక్కటీ లేదు. కొత్తవాళ్లు మొదట కోట్లు తగిలించుకునే ఇరుకు గదిలో తేలేవారు. తలుపు తీసుకుని బయటికొస్తే ముందుగది, అక్కడ జనం. ఆ ఇంట్లో ఎన్ని గదులు పెరిగినా సందడి మాత్రం ముందుగదిలోనే.

అన్నట్టు, తెరమీది మన రూపానికి ‘అవతార్’ అన్న పేరు అలవాటు చేసినవాటిలో 1986 నాటి లూకాస్‌ఫిల్మ్ ‘హ్యాబిటాట్’ ముఖ్యమైనది. మన అవతారమే ఊళ్లు తిరిగి చివరి సున్నా పోగొట్టుకుని మనకే అరువుమాటగా తిరిగొచ్చింది.

లోపలి జీవితాన్ని బయటి సోషల్ నెట్‌వర్కులతో అసలు కలపాలా?

కలపకపోయినా కొంప మునగదు. కలపకుండా పదేళ్లు హాయిగా గడిపినవారిని ఎరుగుదును.

అయితే చిక్కు ఒకటుంది. వర్చువల్ ప్రపంచంలో మీరు లాగిన్ అయి ఉన్నంతసేపే ఉన్నట్టు. మీరు లోపలున్నప్పుడు మీ స్నేహితురాలు నిద్రలో ఉండవచ్చు. ఆమె వచ్చే వేళకు మీరు పనికి వెళ్లిపోయి ఉండవచ్చు. సెకండ్ లైఫ్‌లో గ్రూప్ నోటీసులున్నాయి కానీ అవి రెండు వారాలే నిలుస్తాయి. ఉచిత ఖాతాతో చేరగలిగే గ్రూపులూ 42కు మించవు. అందుకే రెండు సమావేశాల మధ్య కాలంలో పలకరింపులు సాగడానికి బయట ఒక చోటు కావాలి.

సోషల్ నెట్‌వర్క్ దండోరా లాంటిది, సమావేశం మండపం లాంటిది. దండోరా ఊరంతా మోగించి మండపం కట్టడం మరిచినవాళ్లే ఎక్కువ. వేల మంది అనుచరులున్న ఒక సమూహం పేజీ చూశాను. వాళ్ల సమావేశానికి వెళితే నేను, నిర్వాహకుడు, ఒక పిల్లి రూపంలోని అతిథి. మరో సమూహానికి పేజీ కూడా లేదు, ప్రతి వారం పాతికమంది వచ్చేవారు. నన్ను అడిగితే రెండోదే సమూహం.

అవతార్ పేరుతో సోషల్ నెట్‌వర్క్ ఖాతా తెరవవచ్చా?

ఏ నెట్‌వర్క్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫేస్‌బుక్ వ్యక్తిగత ఖాతాకు మీరు నిత్యజీవితంలో వాడే పేరే ఉండాలంటుంది. అవతార్ పేరుతో తెరిచిన ఖాతాలు హఠాత్తుగా మూతపడి, ఫొటోలు, స్నేహాల జాబితా అన్నీ పోగొట్టుకున్నవారు వర్చువల్ ప్రపంచాల్లో కొల్లలు. 2014లో రంగస్థలం పేరుతో బతికే డ్రాగ్ కళాకారుల (ఆడ, మగ వేషాలు మార్చి ప్రదర్శించేవారి) ఖాతాలు నిలిపివేసినప్పుడు గొడవ ముదిరింది. ఆ అక్టోబరులో సంస్థ క్షమాపణ చెప్పి, చట్టబద్ధమైన పేరే అక్కర్లేదని వివరణ ఇచ్చింది. అయినా కల్పిత పేరుకు అక్కడ భద్రత లేదు. ఫేస్‌బుక్‌లోనే ఉండాలనుకుంటే అవతార్ కోసం పేజీ తెరవండి. దాని వెనక మీ అసలు ఖాతా ఉంటుంది కానీ పైకి కనిపించదు.

గూగుల్ ప్లస్ కథ ఇంకా విచిత్రం. 2011లో అసలు పేర్లే కావాలని పట్టుబట్టి, మారుపేర్లవాళ్లతో పెద్ద యుద్ధమే తెచ్చుకుంది. 2014లో పట్టు సడలించింది. 2019లో సాధారణ వినియోగదారులకు దుకాణమే కట్టేసింది. ఎవరి పేరు అసలుది, ఎవరిది కాదు అన్న తగువు మాత్రం ఇంకా అలాగే ఉంది.

ఎక్స్, మాస్టొడాన్, బ్లూస్కై, డిస్కార్డ్, ఫ్లికర్ లాంటివి మారుపేరుకు అడ్డుచెప్పవు. ఇంకొకరిలా నటించనంత వరకు మీ అవతార్ అక్కడ నిశ్చింతగా ఉండవచ్చు.

ఒకే ఖాతాలో రెండు జీవితాలూ నడిపితే ఏం?

నడిపేవారున్నారు. వాస్తుశిల్పులు, సంగీతకారులు, ఉపాధ్యాయులు, అంటే లోపల చేసేదీ బయట చేసేదీ ఒకటే అయినవారికి అది లాభం కూడా. మిగతావారు విడిగా ఉంచుకోవడమే మంచిదని నా అభిప్రాయం. తరవాత కలపాలనుకుంటే ఒక్క క్షణం చాలు. ఒకసారి కలిపాక విడదీయడం మాత్రం ఎవరితరమూ కాదు.

విడిగా ఉంచుకోవాలనుకున్నవారిని ముంచేది సాధారణంగా ఫోన్ నంబరే. కొత్త ఖాతాకు అదే నంబరు ఇస్తారు, కాంటాక్టులు చూసుకోమని యాప్‌కు అనుమతిస్తారు. మర్నాటికల్లా ‘మీకు తెలిసినవారు కావచ్చు’ అంటూ మీ అవతార్ మీ పై అధికారి తెరమీద ప్రత్యక్షమవుతుంది. ఇందులో ఎవరి కుట్రా లేదు. ఆ యంత్రాంగం పనిచేసే తీరే అది. అవతార్‌కు వేరే ఈమెయిల్ పెట్టండి. కాంటాక్టుల అనుమతి ఇవ్వకండి. రెండు చోట్లా ఒకే ప్రొఫైల్ బొమ్మ, ఒకే యూజర్‌నేమ్ వాడకండి. వాడితే బొమ్మల వెతుకులాటలో రెండూ పక్కపక్కనే తేలతాయి. నా పరిచయస్తుడొకడు ఇవన్నీ పాటించాడు. చివరికి దొరికింది, రెండు ఖాతాల్లోనూ ఒకే అక్షరదోషం చేస్తూ రావడం వల్ల!

సెకండ్ లైఫ్ ప్రొఫైల్‌లో అసలు జీవితం గురించి రాసే చోటు ఉంది. నింపాలా?

ఖాళీగా వదిలినా తప్పులేదు. చాలామంది ఒక వాక్యం రాసి వదిలేస్తారు. గుర్తుంచుకోవలసినది మరొకటి. అక్కడి నియమాల ప్రకారం, ఒక రెసిడెంట్ తన ప్రొఫైల్‌లో స్వయంగా రాసుకున్నదానికి మించి అతని అసలు జీవిత వివరాలను అనుమతి లేకుండా ఇతరులకు చెప్పకూడదు. వయసు, మతం, వైవాహిక స్థితి, ఊరు, రెండో ఖాతా పేరు, ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

ఏ పనికి ఏ నెట్‌వర్క్?

రోజువారీ మాటలకు డిస్కార్డ్ బాగా కుదిరింది. 2015లో ఆటగాళ్ల కోసమే మొదలైంది కాబట్టి మారుపేరు అక్కడ సహజం. బొమ్మలు చూపించడానికి ఫ్లికర్. వర్చువల్ ఫొటోగ్రఫీ చేసేవారు దాన్ని ఏనాడో సొంతం చేసుకున్నారు. బయటి ప్రపంచానికి ప్రకటన వేయాలంటే ఎక్స్, బ్లూస్కై, మాస్టొడాన్. అన్నిచోట్లా ఉండాలనుకుంటే కాపలా కాయడానికే పొద్దు గడిచిపోతుంది. మాట్లాడుకోవడానికి ఒకటి, ప్రకటనకు ఒకటి చాలు.

మొదటి సమావేశం ఎలా పెట్టాలి?

ముందుగా చోటు సంగతి. సెకండ్ లైఫ్‌లో ఒక రీజియన్ అంటే 256 మీటర్ల పొడవు, 256 మీటర్ల వెడల్పు ఉన్న చదరపు నేల. పూర్తి స్థాయి రీజియన్‌లో వంద మంది దాకా పడతారు కానీ అంతకు చాలా ముందే లాగ్ మొదలవుతుంది. అడుగు వేయమంటే అవతార్ ఆలోచిస్తూ నిలబడుతుంది. నలభై దాటితే నేను నగలు, స్క్రిప్టులు (చిన్న ప్రోగ్రాములు) ఉన్న వస్తువులు తీసేసి రమ్మని మనవి చేస్తాను. పెద్ద సభలకు పాతకాపులు వాడే ఉపాయం ఒకటుంది. నాలుగు రీజియన్లు కలిసే మూలలో వేదిక కట్టి, ప్రేక్షకులను నాలుగు వైపులా కూర్చోబెడతారు. నాలుగు సర్వర్లు భారం పంచుకుంటాయి, వేదిక ఒక్కటే ఉంటుంది.

రెండోది మాట వినపడే దూరం. అక్కడ మామూలుగా టైప్ చేసిన మాట 20 మీటర్ల వరకే చేరుతుంది, అరిస్తే 100 మీటర్లు. అందమైన విశాల మైదానంలో సభ పెట్టి, వెనక వరుసవాళ్లకు ఒక్క ముక్కా అందక, వాళ్లు మర్యాదగా కూర్చుని కూర్చుని వెళ్లిపోవడం నేను స్వయంగా చేసిన నిర్వాకం. కుర్చీలు దగ్గరగా వేయండి. ఖాళీ స్థలం ఎక్కువున్న కొద్దీ వచ్చినవారు తక్కువగా కనిపిస్తారు కూడా.

మూడోది గుమ్మం దగ్గర ఒక మనిషి. నా లెక్కలో ఇది అన్నిటికన్నా ముఖ్యం. కొత్తగా టెలిపోర్ట్ అయి, అంటే వేరే చోటి నుంచి ఒక్క దూకులో వచ్చినవారికి కాసేపు ఏమీ కనిపించదు. బూడిదరంగు ఆకారాలు, సగం తేలిన గోడలు. ఆ అర నిమిషంలో పేరు పెట్టి పలకరించేవారుంటే నిలబడతారు, లేకపోతే మాయమవుతారు. ఉపన్యాసకుడు దొరక్కపోయినా సభ నడుస్తుంది, పలకరించే మనిషి లేకపోతే నడవదు.

వీఆర్‌చాట్ అనే మరో వర్చువల్ ప్రపంచంలో అయితే చోటు అచ్చంగా మీ చేతిలో ఉండదు, ఒకే ప్రపంచానికి ఎన్ని ప్రతులైనా తెరుచుకుంటాయి. తెరిచేటప్పుడే అందరికీనా, స్నేహితులకేనా, ఆహ్వానితులకేనా అని ఎంచుకోవాలి. మొదటిసారికి అందరికీ తెరిచిన ప్రతి వద్దు. స్నేహితులు, వారి స్నేహితులు వచ్చేదైతే చాలు.

ఎంతసేపు? ఒక గంట. ముగింపు వేళ ముందే చెప్పండి. ఆ తరవాత ఉండేవాళ్లు ఎలాగూ ఉంటారు, అసలు కబుర్లన్నీ అప్పుడే.

వేళ ఏది పెట్టాలి? ఎప్పుడూ ఎవరో ఒకరు గంట ముందో వెనకో వస్తున్నారు.

సెకండ్ లైఫ్ గడియారం అమెరికా పసిఫిక్ కాలమానంలో తిరుగుతుంది. ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఆట విశ్వకాలమానం (యూటీసీ) పాటిస్తుంది. మొదటిదానితో పెద్ద తలనొప్పి ఉంది. అమెరికాలో గడియారాలు మార్చిలో ముందుకు, నవంబరులో వెనక్కి జరుగుతాయి. ఐరోపాలో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. చాలా దేశాల్లో అసలు మార్చరు. అంటే ఏడాదిలో కొన్ని వారాలు ఎవరి లెక్క వారికే తప్పుతుంది. ప్రకటనలో ఆ వర్చువల్ ప్రపంచపు వేళతోపాటు విశ్వకాలమానాన్నీ రాయండి. డిస్కార్డ్‌లో ఒక సౌకర్యముంది. వేళను దాని ప్రత్యేక రూపంలో రాస్తే చదివేవారి ఫోనులో ఎవరి కాలమానంలో వారికి కనిపిస్తుంది. ఆ ఒక్కటీ నేర్చుకున్నాక నాకు వచ్చే ఉత్తరాలు సగమయ్యాయి.

ఎవరూ రాకపోతే?

వస్తారు, నాలుగో వారానికి. వేళ, వారం, చోటు మార్చకండి. ముగ్గురే వస్తే ముగ్గురితోనే నడపండి.

లక్షల మంది చూసే వర్చువల్ కచేరీలు సమావేశాలే కదా?

2020 ఏప్రిల్‌లో ఫోర్ట్‌నైట్ ఆటలో ర్యాప్ గాయకుడు ట్రావిస్ స్కాట్ కచేరీకి ఒకే సమయంలో 1.23 కోట్ల మంది ఉన్నారని ఆ ఆట నడిపే సంస్థ ప్రకటించింది. కానీ ఆ కోటిమందినీ సర్వర్లు చిన్నచిన్న జట్లుగా పంచేశాయి. ఎవరి కంటికైనా కనిపించింది కొన్ని పదుల మందే. అది తిరునాళ్లలా గొప్పగా ఉంటుంది, చూడాల్సిందే. మర్నాడు ఎవరితో మాట్లాడారో గుర్తుండదు.

దానికి ఎదురుగా ఇంకో ఉదాహరణ. అదే ఏడాది మే నెలలో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయ విద్యార్థులు మైన్‌క్రాఫ్ట్ ఆటలో తమ ప్రాంగణాన్ని ఇటుక ఇటుకగా కట్టుకుని, ఆగిపోయిన స్నాతకోత్సవాన్ని అక్కడ జరుపుకున్నారు. సంఖ్యలో దానికీ దీనికీ పోలికే లేదు. అయితే ఇక్కడివారు ఒకరినొకరు ఎరుగుదురు. కలిసి కట్టారు, కట్టినచోటే కలిశారు.

గొంతుతో మాట్లాడటం తప్పనిసరా?

కాకూడదు. సెకండ్ లైఫ్‌లో 2007లో వాయిస్ వచ్చినప్పుడు కొందరు పండగ చేసుకున్నారు, కొందరికి ఉన్న చోటు పోయినట్టయింది. గొంతు వయసు చెబుతుంది, యాస చెబుతుంది, ఆడా మగా అన్నది చాలాసార్లు చెప్పేస్తుంది. వినికిడి లేనివారికైతే అప్పటిదాకా అందరితో సమానంగా ఉన్న గదిలో హఠాత్తుగా గోడ లేచినట్టే. నా సభల్లో వాయిస్ ఉంటే, పక్కన ఒకరు కూర్చుని మాట్లాడినదంతా టైప్ చేస్తూ ఉంటారు. ఆ పని చేసేవారికి మైకు పట్టినవారికన్నా ముందు దండం పెట్టాలి. వారు దొరకని రోజున సభ మొత్తం అక్షరాల్లోనే.

సమావేశంలో తీసిన చిత్రాలు, చాట్ సంభాషణలు బయట పెట్టవచ్చా?

చిత్రాల విషయంలో ప్రకటనలోనే ‘ఫలానా చోట పెడతాం’ అని రాసి, ఇష్టంలేనివారికి కెమెరా అందని మూల ఒకటి కేటాయించండి. అవతార్ చిత్రమే కదా, ముఖం కాదుగా అనేవారుంటారు. ఏళ్ల తరబడి ఒకే రూపంలో తిరిగే మనిషికి అదే ముఖం.

చాట్ మాత్రం అడగకుండా ఎప్పుడూ పెట్టకండి. తలమీద తేలే పేర్లు కూడా చిత్రంలో పడతాయని మరిచిపోవద్దు. తీసేముందు పేర్ల ట్యాగులు ఆపేయవచ్చు.

లోపలి స్నేహితులను బయట కలవడం మంచిదేనా?

నా జీవితంలో మంచి స్నేహాలు కొన్ని అలా దొరికినవే కాబట్టి నా జవాబు నిష్పాక్షికం కాదు.

దీనికి పెద్ద సంప్రదాయమే ఉంది. సెకండ్ లైఫ్ రెసిడెంట్లు 2005లో న్యూయార్క్‌లో మొదలుపెట్టి 2011లో ఓక్లండ్ దాకా ఏటా ఒక ఊళ్లో మహాసభ జరుపుకున్నారు. ఈవ్ ఆన్‌లైన్ వాళ్లు 2004 నుంచి ఐస్‌లండ్ రాజధాని రేక్యవిక్‌లో కలుస్తున్నారు. 2014లో అక్కడి ఓడరేవు దగ్గర ఆటగాళ్ల పేర్లు చెక్కిన స్మారకం కూడా వెలిసింది. తెరమీద తప్ప మరెక్కడా లేని పేరును లోహం మీద వేలితో తడమడానికి సముద్రాలు దాటి వచ్చేవారున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు.

జాగ్రత్తలు మామూలువే. మొదటిసారి నలుగురూ తిరిగే చోట, పగటిపూట, ఇద్దరే కాకుండా గుంపుగా కలవండి. ఎక్కడికి వెళుతున్నారో ఇంట్లో ఒకరికి తెలియాలి. రాకపోకల దారి మీ చేతిలో ఉండాలి, ఎవరి బండి మీదా ఆధారపడవద్దు. ముందుగా ఒకసారి వీడియోలో మాట్లాడటానికి ఒప్పుకోని మనిషిని ఒంటరిగా కలవవద్దు.

పేరు బిళ్లల మీద అవతార్ పేరు పెద్దగా రాయండి. అసలు పేరు రాయాలా వద్దా అన్నది ఎవరిష్టం వారిది. మొదటి పది నిమిషాలు వింతగా గడుస్తాయి. ఆరడుగుల డ్రాగన్‌గా తెలిసిన మనిషి కళ్లజోడు తుడుచుకుంటూ ఎదురవుతాడు, ఎక్కడ చూడాలో తెలియదు. అలాంటప్పుడు కళ్లు కాసేపు పక్కకు తిప్పుకుని మాట మాత్రమే వినండి. ఏళ్లుగా చాట్‌లో చదివిన వాక్యాల తీరు ఆ నోటినుంచి రావడం మొదలవగానే మనిషిని గుర్తుపడతారు.

ఫోన్లమీద నడిచే ఆటలకైతే ఇంకో జాగ్రత్త అవసరం. 2017 జులైలో షికాగో గ్రాంట్ పార్కులో జరిగిన పోకెమాన్ గో ఉత్సవానికి దాదాపు ఇరవై వేల మంది వచ్చారు. అంతమంది ఒకేచోట చేరేసరికి మొబైల్ నెట్‌వర్కులు చేతులెత్తేశాయి. ఆట తెరుచుకోలేదు, చివరికి టికెట్ల సొమ్ము వెనక్కి ఇచ్చారు. పెద్ద గుంపును పిలిచేవారు నెట్ లేకపోయినా చేయగలిగే పని ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి.

సగంమంది గదిలో, సగంమంది వర్చువల్ ప్రపంచంలో ఉండేలా సభ పెట్టవచ్చా?

పెట్టవచ్చు, కానీ ఇది అన్నిటికన్నా కష్టమైన వంటకం. ప్రసారం కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం దాకా ఆలస్యంగా చేరుతుంది. గదిలో జోకు పేలుతుంది. లోపలివాళ్ల నవ్వు వచ్చేసరికి వక్త విషాద ఘట్టంలో ఉంటాడు. గది మైకు లోపలి శబ్దాన్ని పట్టి మళ్లీ లోపలికే పంపితే కీచుమనే ప్రతిధ్వని వస్తుంది. లోపలి ప్రేక్షకుల తరఫున గదిలో ఒక మనిషిని కూర్చోబెట్టండి. వారి ప్రశ్నలు చదివి వినిపించడమే అతని పని. ఆ మనిషి లేకపోతే లోపలివాళ్లు కిటికీలోంచి పెళ్లి చూస్తున్నవారిలా మిగిలిపోతారు.

అవతార్‌కూ మనిషికీ పోలిక లేకపోతే అది మోసం కాదా?

రూపం తేడా మోసం కాదు. అవతారం అన్న మాటలోనే ఆ సంగతి ఉంది. చేప రూపమైనా మరుగుజ్జు రూపమైనా వచ్చినవాడు ఒకడే. అరవై ఏళ్లావిడ ఇరవై ఏళ్ల నర్తకిగా ఉండవచ్చు, మగవాడు ఆడ అవతార్ తొడగవచ్చు, ఇద్దరూ నక్కలు కావచ్చు. వారు మీకేమీ బాకీలేరు.

గీత దాటేది ఎక్కడంటే, ఆ రూపాన్ని నమ్మి మీరు ఒక నిర్ణయం తీసుకోబోతున్నారని తెలిసి కూడా ఎదుటివారు నోరు మెదపనప్పుడు. పెళ్లి మాట, డబ్బు మాట, ఊరు మారే మాట వచ్చిందంటే ముసుగు తీయవలసిన వేళ వచ్చినట్టే. అదైనా వాళ్లంతట వాళ్లు తీయాలి, మీరు లాగకూడదు. తీయనంటే మీరు పక్కకు తప్పుకోవచ్చు.

లోపలి స్నేహితులు డబ్బు అడిగితే?

సహాయ కార్యక్రమమైతే సంస్థ ద్వారా ఇవ్వండి. సెకండ్ లైఫ్‌లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ వారి ‘రిలే ఫర్ లైఫ్’ నడక 2005 నుంచి జరుగుతోంది. విరాళాలకు ఆ కార్యక్రమానివే ప్రత్యేక పెట్టెలుంటాయి. వ్యక్తి అడిగితే, తిరిగిరాకపోయినా బాధపడనంత మాత్రమే ఇవ్వండి. అత్యవసరం, ఇప్పుడే, ఎవరికీ చెప్పొద్దు అన్న మూడు మాటలూ ఒకే సందేశంలో వస్తే అది స్నేహితుడి ఖాతా నుంచి వచ్చినా స్నేహితుడిది కాకపోవచ్చు. వేరే దారిలో కనుక్కోండి.

పిల్లలను తీసుకురావచ్చా?

పెద్దల సమావేశానికి వద్దు. పిల్లలకు వారి వయసుకు తగిన ప్రపంచాలున్నాయి. అక్కడికి మీరు వారితోపాటు వెళ్లండి.

సభలో అల్లరి పెట్టేవారిని, వెంటపడేవారిని ఏం చేయాలి?

సభ చెడగొట్టడానికే వచ్చేవారిని గ్రీఫర్లు అంటారు. వాళ్లకు కావలసింది మీ కేకలు. స్థలం యజమాని ఒక్క మాట మాట్లాడకుండా బయటికి పంపి నిషేధిస్తే పది సెకన్లలో తేలిపోతుంది. ఆ అధికారం సభ ముందే ఇద్దరు ముగ్గురికి ఇచ్చి ఉంచండి. మీరు వేదికమీద ఉన్నప్పుడు మెనూలో వెతుక్కోలేరు.

దగ్గరికొచ్చి ఇబ్బందిపెట్టడం మరో రకం. తలకు తగిలించుకునే వీఆర్ పరికరాల్లో అది ఒంటిమీదికి వచ్చినట్టే అనిపిస్తుంది. ఫిర్యాదులు వెల్లువెత్తాక 2022 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా తన హొరైజన్ వరల్డ్స్ అనే వీఆర్ ప్రపంచంలో అవతార్ల మధ్య సుమారు నాలుగు అడుగుల ఎడం ఉండే ఏర్పాటు పెట్టింది. ‘బొమ్మే కదా, ఏమైంది’ అనేవారిని నిర్వాహకుడు ఆ క్షణంలోనే ఆపాలి.

అన్నిటికన్నా పెద్ద నేరం ఒకరి అసలు పేరు బయటపెట్టడం. కోపంలో చేశానన్నా, సరదాకన్నా నా సమూహంలో రెండో అవకాశం లేదు. రుజువులు దాచి, ప్రపంచం నడిపే సంస్థకూ, ఆ పేరు పోస్టు చేసిన నెట్‌వర్క్‌కూ ఫిర్యాదు చేయండి. ఆ పోస్టును ఖండిస్తూ పంచుకోకండి, అదీ ప్రచారమే.

ప్రపంచమే మూతపడితే మా సమూహం ఏమవుతుంది?

ఈ ప్రశ్న ముందే అడిగేవారు తక్కువ. 2003లో మొదలైన ‘దేర్’ అనే వర్చువల్ ప్రపంచం 2010 మార్చిలో మూతపడింది, రెండేళ్ల తరవాత మళ్లీ తెరుచుకుంది. అందరికీ ఆ అదృష్టం పట్టదు. వర్చువల్ సమావేశాలకు పెట్టింది పేరైన ఆల్ట్‌స్పేస్‌వీఆర్‌ను 2017లో మైక్రోసాఫ్ట్ కొన్నది, 2023 మార్చి 10న మూసేసింది. అక్కడ ఏళ్లుగా వారం తప్పకుండా కలిసిన బృందాలుండేవి.

అందుకే సభ్యుల జాబితా ప్రపంచం లోపలే ఉండనివ్వకండి. ఇష్టపడినవారి ఈమెయిళ్లతో ఒక పట్టిక బయట పెట్టుకోండి, ఇద్దరి దగ్గర ఉండాలి. మూత ప్రకటన వచ్చిన రోజు కంగారులో ఎక్కడికి వెళ్లాలో తేలదు కాబట్టి, ‘ఇది పోతే అక్కడ కలుద్దాం’ అని ఒక చోటు ముందే అనుకోండి. కట్టుకున్న ఇళ్లు రావు. చిత్రాలు తీసి ఉంచుకోండి.

ఒక సభ్యుడు హఠాత్తుగా కనిపించడం మానేస్తే?

చాలాసార్లు విసుగే, లేదా కొత్త ఉద్యోగం. కొన్నిసార్లు కాదు.

నార్వేలో కండరాలు క్షీణించే వ్యాధితో ఒక యువకుడు 2014లో 25 ఏళ్ల వయసులో చనిపోయాడు. రోజులో ఎక్కువసేపు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో గడిపేవాడు. స్నేహితులు లేకుండానే కొడుకు వెళ్లిపోయాడని తల్లిదండ్రులు కుమిలిపోయారు. అతని బ్లాగు పాస్‌వర్డు వారి దగ్గర ఉంది. మరణవార్త అందులో రాసి, ఒక ఈమెయిల్ చిరునామా ఇచ్చారు. వెంటనే దేశదేశాల నుంచి ఉత్తరాలు రావడం మొదలైంది. అతను ఎవరిని ఓదార్చాడో, ఎవరి ఇంటి తగవు తీర్చాడో అందులో ఉంది. అంత్యక్రియలకు అతని గిల్డ్ (ఆటలోని బృందం) నుంచి కొందరు విదేశాల నుంచి వచ్చి నిలబడ్డారు.

ఆ పాస్‌వర్డు లేకపోతే ఆ ఉత్తరాల్లో ఒక్కటీ ఆ ఇంటికి చేరేది కాదు. ఇంట్లో మీరు నమ్మే మనిషి ఒకరికి మీ అవతార్ పేరు, సమూహంలో ఒకరి చిరునామా ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. కవరులో పెట్టి అంటించి ఇచ్చినా ఫరవాలేదు.

నేనే మానేయాలనుకుంటున్నాను. చెప్పి వెళ్లాలా?

చెప్పండి. ‘ఇక రావడం లేదు, బాగానే ఉన్నాను’ అన్న రెండు ముక్కలు చాలు, కారణం ఎవరూ అడగరు. అవి రాకపోతేనే గుమ్మం దగ్గర నిలబడే మనిషి వారాల తరబడి మీ పేరు ఆన్‌లైన్ జాబితాలో వెతుకుతూ ఉంటాడు.